బల్ల కింద దారి

బొంత గుడ్డు ముట్టలేదు.

కోడలు గిన్నెని దాని మూతి దగ్గరకి ఇంకొంచెం జరిపింది. ఉడికిన గుడ్డంటే ప్రాణం పెట్టే కుక్క. పచ్చసొన వాసన తగిలితే చాలు, నిద్రలోంచి లేచొచ్చేది. ఇప్పుడు తల తిప్పుకుని గోడకేసి చూస్తూ పడుకుంది. పక్కన నీళ్ళగిన్నె మాత్రం అడుగంటిపోయి ఉంది. అది ఇందాకే నింపిన గిన్నె.

"ఏంటే నీ బాధ?" అంది కోడలు, దాని పక్కన గొంతుక్కూర్చుని.

బాధేమిటో ఆమెకి తెలుసు. గుండెలో కవాటం అరిగిపోయింది. పశువుల డాక్టరమ్మ బొమ్మ గీసి మరీ చెప్పింది. ముసలి కుక్కల్లో ఇది మామూలేనట. తలుపు సరిగా పడక రక్తం వెనక్కి కారుతుందట, గుండె ఉబ్బుతుందట, ఊపిరితిత్తుల్లో నీరు చేరి దగ్గొస్తుందట. నయం కాదుగానీ మందులు పడుతున్నన్నాళ్ళూ హాయిగా బతుకుతుంది, ఒక్క పూట కూడా తప్పించొద్దు అంది. కోడలు తప్పించలేదు. గుండెకి బలమిచ్చే మాత్ర పరగడుపున. తర్వాత తిండి. ఒంట్లో నీరు తీసే మాత్ర సగం. ఆ సగాన్ని రెక్సిన్ కోసే బ్లేడుతో, పొడి రాలకుండా, చెక్కమీద పెట్టి కోసేది. సీటు కవర్లు కత్తిరించి కత్తిరించి అలవాటైన చెయ్యి, ఆ మాత్రం సగం చెయ్యలేదా!

మిగిలిన సగం సాయంత్రానికి. అదే అట్టలోంచి ఒక నిండు మాత్ర మామగారికి. ఆయనదీ గుండె జబ్బే, ఆయనకీ నీటి మాత్రే. మందుల షాపతను "ఇద్దరికీ ఒకటేనా అక్కా?" అని నవ్వితే, మామగారే జవాబు చెప్పాడు. "నేనూ బొంతా ఒకే కంపెనీ బండ్లం నాయనా. స్పేరు పార్టులు ఒకటే."

ఆయన్ని వీధిలో అందరూ సీట్ల మాస్టరంటారు. బస్సుల సీట్లు, లారీల సీట్లు, సినిమా హాలు కుర్చీలు కుట్టి కుట్టి వేళ్ళు వంకరపోయిన మనిషి. గుడ్డపీలిక కూడా పారేసేవాడు కాదు. ఆ పీలికల కుప్పలో ఎవరో వదిలేసిన పిల్ల దూరి పడుకుంటే దాన్నీ పారెయ్యలేదు, బొంత అని పేరు పెట్టాడు. ఇప్పుడు ఇద్దరూ వెనకగదిలోనే ఉంటారు. పాత బస్సు డ్రైవరు సీటొకటి తన చేత్తోనే కుట్టుకుని, దాన్నే కుర్చీ చేసుకున్నాడు. ఆయన అందులో, అది ఆయన కాళ్ళ దగ్గర.

"మామయ్యా, మాత్ర." కోడలు మాత్రా గ్లాసూ ఇచ్చింది. ఆయన నోట్లో వేసుకున్నాడు, నీళ్ళు తాగాడు. పళ్ళెంలోంచి రొట్టె తుంచుకున్నాడు.

"పాదాలు చూపించండి. అయ్యో, నిన్నటికన్నా ఉబ్బాయి! ఇన్ని మాత్రలు మింగుతుంటే ఆ నీరంతా ఎటు పోతోంది? మీ డాక్టరొకడు, మనిషి మొహం చూడడు. ఫోను చూసుకుంటూ మందులు రాస్తాడు."

"వయసమ్మాయ్," అన్నాడు మాస్టరు. అని, రొట్టెలో చివరి ముక్క వేళ్ళమధ్య నలిపి, ఉండచేసి, కిందికి చాచాడు. రోజూ చేసే పనే. గుడ్డు ముట్టని కుక్క, పాపం మొహమాటానికన్నట్టు, ఆయన చేతిలో ముక్క మాత్రం తీసుకుంది. కోడలికి కాస్త ఉక్రోషం కూడా వచ్చింది. మందులిచ్చేది తను, ఊడ్చేది తను, మర్యాద మాత్రం ఆయనకి.

దాని పై పెదవి ఎత్తి చూసింది. చిగుళ్ళు తడి లేకుండా వేలికి అంటుకున్నాయి. లేపి నిలబెడితే వెనక కాళ్ళు వణికి కూలబడింది. ఇక ఆగలేదు ఆమె. దుప్పట్లో చుట్టి ఎత్తుకుంది.

షాపులో ఆమె భర్త పొడుగుబల్ల మీద రెక్సిన్ పరిచి సుద్దతో గీతలు గీస్తున్నాడు. బడి బస్సుల సీట్లన్నీ ఒకేసారి కుట్టే ఆర్డరు వచ్చాక, అప్పట్లో మాస్టరే మరలు బిగించి వేసిన బల్ల అది. ఈ గోడ నుంచి ఆ గోడదాకా ఉంటుంది. వెనకగదికీ వీధికీ మధ్య, వెనకగదికీ షాపు మూలనున్న బాత్రూముకీ మధ్య, అడ్డంగా. ఒక చివర ఎత్తే పలక ఉందిగానీ దానిమీద ఎప్పుడూ ఫోము షీట్లు పేర్చి ఉంటాయి. వాటిని దించి పలక ఎత్తే ఓపిక ఎవరికుంది? మొగుడూ పెళ్ళాం వంగి బల్ల కిందనుంచే దూరిపోతారు. బొంత వంగే పని కూడా లేదు.

బస్సుల యజమాని అప్పటికే వచ్చి, కుట్టిన సీటుమీద కూర్చుని స్ప్రింగులు పరీక్షిస్తున్నాడు.

"ఎక్కడికే?" అన్నాడు భర్త, తల ఎత్తకుండా.

"ఆస్పత్రికి."

"పనంతా నా నెత్తిన పడేసి? ముసలి కుక్కకి రోజూ ఆస్పత్రేంటి!"

"ముసలైతే రోగం రాకూడదని చట్టముందా?"

బస్సులాయన కిసుక్కున నవ్వాడు. కోడలి నోటిలో సూదుందని వీధంతా అనుకునే మాటే. వంగి బల్ల కిందికి దూరబోతుంటే, వెనకనుంచి మాస్టరు వచ్చి నిలబడ్డాడు, బల్ల అంచు పట్టుకుని. ఆయన వంగలేడు. వంగితే ఊపిరాడదు.

"మళ్ళీనా మామయ్యా?" అందామె. చంకలో కుక్క బరువు, గుండెలో కంగారు, మాట నిట్టూర్పుతో కలిసి వచ్చింది.

భర్త సుద్దముక్క బల్లమీద ఠక్కున పెట్టాడు. బస్సులాయన వైపు ఒకసారి, తండ్రి వైపు ఒకసారి చూశాడు. "నాన్నా, మనుషులున్నప్పుడు కాస్త..."

"అబ్బే, ఏం లేదురా. కుట్టు ఎలా వచ్చిందో చూద్దామని." మాస్టరు రెక్సిన్ అంచుని వేళ్ళతో తడిమి, గోడ పట్టుకుని వెనక్కి వెళ్ళిపోయాడు.

ఆ కుట్టు వైపు ఆయన చూడనైనా చూడలేదు. కోడలు అది గమనించింది. గమనించి, బల్ల కిందనుంచి దూరి, వీధిలోకి పరుగెత్తింది.

* * *

ఆస్పత్రి వరండాలో చిలక పంజరం పట్టుకుని కూర్చున్నాయన దుప్పట్లోకి తొంగిచూసి, "వయసెంత?" అన్నాడు. చెప్పింది. "ఇంకెందుకమ్మా దానికి మందులూ అవీ. చాల్లే అని వదిలేస్తే దానికీ సుఖం, నీకూ సుఖం" అన్నాడు.

"మీ ఇంట్లో పెద్దవాళ్ళున్నారా?" అంది కోడలు.

"ఉన్నారు, మా అమ్మ."

"ఆవిడతో చెప్పండి ఈ మాట."

ఆయన పంజరం ఎత్తుకుని అవతలి బెంచీకి మారిపోయాడు.

డాక్టరమ్మ చాలాసేపు చూసింది. ఛాతీమీద గొట్టం పెట్టి కళ్ళు మూసుకుని విన్నది. మెడమీద చర్మం పట్టుకుని ఎత్తి వదిలింది. ఎత్తినచోట చర్మం వెంటనే జారలేదు, మడత పడ్డ గుడ్డలా అలాగే నిలబడింది. రక్తం తీసి లోపలికి పంపి, ఫలితం వచ్చాక కాగితం చూస్తూ పెదవి కొరుక్కుంది.

"గుండె ముదరలేదు. ఊపిరితిత్తుల్లో చుక్క నీరు లేదు. అసలు ఒంట్లోనే నీరు లేదు. కిడ్నీలు దెబ్బతింటున్నాయి. నీటి మాత్ర ఎక్కువైంది."

"మీరు రాసిందేగా ఇస్తున్నాను."

"సగం సగం?"

"సగం సగమే. కావాలంటే ఎలా కోస్తానో చూపిస్తా."

"దగ్గు ఎక్కువైందని ఎప్పుడైనా ఒకటి ఎక్కువ వేశారా?"

అంతే, కోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. "పరగడుపు మాత్ర కోసం కోడి కుయ్యకముందే లేస్తున్నా. అది పడుకుంటే పక్కన కూర్చుని ఊపిరి లెక్కపెడుతున్నా, మీరే చెప్పారని. ఇల్లంతా తడిపితే విసుక్కోకుండా తుడుస్తున్నా. మీ మందు పడకపోతే మీ మందుని అనండి, నన్నంటారేంటి?"

డాక్టరమ్మ కుర్చీలో వెనక్కి వాలింది. ఆవిడ కూడా పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నట్టుంది. "నేను తిట్టట్లేదు, అడుగుతున్నాను. కుక్కకి నోరు లేదు కాబట్టి మిమ్మల్ని అడగాలి. ఈ రక్తం చూస్తే రోజూ రెండింతలు లోపలికి పోతున్నట్టుంది. ఇంట్లో ఇంకెవరైనా ఇదే మాత్ర వాడతారా?"

"మా మామయ్య. ఆయన మాత్ర నేనే ఇస్తా, నా కళ్ళముందే మింగుతారు."

"ఎక్కడైనా కింద పడిపోయి దీనికి దొరుకుతోందేమో."

"అట్ట బీరువాలో ఉంటుంది. బీరువా తలుపు కుక్క తియ్యదు."

డాక్టరమ్మ ఇక వాదించలేదు. ఆ మాత్ర తను చెప్పేవరకూ పూర్తిగా ఆపమంది. ఇవాళ ఇక్కడే ఉంచి నెమ్మదిగా నీరెక్కిస్తాననీ, గబగబా ఎక్కిస్తే ఆ గుండె తట్టుకోదనీ చెప్పింది. ముందుకాలికి సూది గుచ్చుతుంటే బొంత కుయ్యిమనలేదు. కోడలి మొహంలోకి చూసింది. ఏం తప్పు చేశానన్నట్టు లేదు ఆ చూపు, నువ్వున్నావుగా అన్నట్టు ఉంది. దాంతో ఆమెకి ఇంకా మండింది. ఎవరో చేశారు ఇది. ఎవరో ఇంట్లోవాళ్ళే చేశారు.

* * *

"మీరే," అంది ఇంటికి రాగానే. బస్సులాయన వెళ్ళిపోయాడు, అదే నయం.

"నేనేంటి?"

"దగ్గుతోంది, మనుషులొచ్చినప్పుడు అసహ్యంగా ఉంది అన్నారుగా మొన్న. దగ్గు ఆగాలని ఇంకో మాత్ర పడేశారు. ఒప్పుకోండి మహానుభావా!"

"నాకు ఆ మాత్రలు ఎక్కడుంటాయో కూడా తెలీదు!"

"అదేగా నా ఏడుపు. మీ నాన్న మందులు ఎక్కడుంటాయో కూడా తెలీదు మీకు. ఏ మందో తెలీదు, ఎందుకో తెలీదు. సీటుకి ఎన్ని కుట్లో తెలుసు."

"ఆ కుట్లమీదే తింటున్నాం అందరం. కుక్కతో సహా." అతను కత్తెర తీసుకుని మళ్ళీ పనిలో పడ్డాడు. కత్తెర రెక్సిన్‌ని కోస్తున్న చప్పుడు పెద్దదైంది. దులపరించుకోవడం అతనికి బాగా వచ్చు.

అతను కాదని ఆమెకీ తెలుస్తూనే ఉంది. అబద్ధమాడితే అతని చెవులు ఎర్రబడతాయి. ఇవాళ ఎర్రబడలేదు. అయినా ఎవరో ఒకరిని అనాలిగా. అత్తమీద కోపం దుత్తమీద చూపించడానికి ఈ ఇంట్లో అత్తా లేదు, ఉన్న దుత్త ఇతనొక్కడే.

వెనకగదిలో మాస్టరు డ్రైవరు సీటులో ముందుకు ఒంగి కూర్చున్నాడు. "బొంతేదీ?"

"ఆస్పత్రిలో ఉంచారు. నీటి మాత్ర ఎక్కువై ఒళ్ళు ఎండిపోయిందట. కిడ్నీలు పోతున్నాయట. ఇంకొన్నాళ్ళు ఇలాగే జరిగుంటే చచ్చిపోయేదట!"

 మాస్టరు సీటు అంచు మీద చెయ్యి వేసి రాస్తూ కూర్చున్నాడు. "ఎక్కువైతే... చచ్చిపోతుందా అమ్మాయ్?"

"చావదా మరి! మందంటే మిఠాయా?"

"సగం మాత్రేగా దానికి. ఇంకాస్త పడితే ఇంకాస్త మంచిదనుకుంటాం."

"ఎవరనుకుంటారు?"

ఆయన కాళ్ళ దగ్గరి ఖాళీ చోటుకేసి చూశాడు. ఆ సాయంత్రం పళ్ళెం కూడా ముట్టలేదు. పెంచిన మనిషి కదా, బెంగ పెట్టుకున్నాడనుకుంది కోడలు. ఆయాసం మాత్రం ఎక్కువగా ఉంది. పడుకోలేక దిండ్లమీద వాలి కూర్చునే నిద్రపోయాడు.

* * *

మర్నాడు పొద్దున్న ఆస్పత్రి నుంచి ఫోనొచ్చింది. బొంత లేచి నిలబడింది, కాస్త తింది, సాయంత్రం తీసుకెళ్ళొచ్చు. కోడలు గట్టిగా ఊపిరి పీల్చుకుంది. మాస్టరుకి మాత్ర ఇచ్చి, ఆ మాట చెప్పింది. ఆయన రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు.

"మంచం మీదకి జరగండి మామయ్యా. ఆ సీటు దులిపి చాలా రోజులైంది. అదొచ్చేసరికి శుభ్రంగా ఉండాలి."

"తర్వాత దులుపుదువులే అమ్మాయ్."

"లేవండి."

"బాగానే ఉందిగా..."

"లేస్తారా, సీటుతో సహా ఎత్తమంటారా?"

లేచాడు. ఆమె గుడ్డతో సీటు దులుపుతుంటే, అంచున గొట్టంలా కుట్టిన పట్టీ ఒకచోట చేతికి తగిలింది. కుట్టు విడిపోయి ఉంది, బొటనవేలు పట్టేంత. మాస్టరు కుట్టిన కుట్టు ఊరికే విడిపోదు. అయినా విడిపోయిన కుట్టుని చూసి వదిలేసే చెయ్యి కాదు ఆమెది. వంకీసూది తెచ్చి, దారం ఎక్కించి, లోపలి ఫోము సర్దుదామని వేలు పెట్టింది.

వేలికి తెల్లగా ఏదో అంటుకుంది. తీసింది. మాత్ర. నిండు మాత్ర, ఉమ్మికి తడిసి అంచులు మెత్తబడ్డది. ఇంకా ఆరలేదు.

ఇంకా ఉన్నాయేమోనని ఆ గొట్టమంతా నలిపి చూసింది. ఇంకేం లేవు. ఒక్కటే, ఇవాళ్టిది. మరి నిన్నటిది? మొన్నటిది? ఇన్నాళ్ళవీ ఎక్కడికి పోయాయి?

బొంత ఇంట్లో లేని మొదటి పొద్దు ఇది. రొట్టెలో చివరి ముక్క తినడానికి ఎవరూ లేని పొద్దు.

ఆమె మాత్ర అరచేతిలో పెట్టుకుని మామగారి వైపు తిరిగింది.

"చంపేసేవాళ్ళు దాన్ని. తెలుస్తోందా మీకు? చంపేసేవాళ్ళు!"

"తెలీదమ్మాయ్." మాస్టరు మంచంకోడు పట్టుకున్నాడు. "నిన్న నువ్వు చెప్పేదాకా తెలీదు, ఒట్టు. దానికీ ఇదే మందు కదా. దాని గుండె కూడా ఇదే కదా. పారెయ్యడానికి మనసొప్పలేదు. డబ్బు పోసి కొంటారు మీరు. పోనీ దానికైనా పనికొస్తుందిలే అని..."

"మీకు పనికిరాదా? మీ పాదాలు చూసుకున్నారా? రాత్రి ఊపిరాడక కూర్చున్నారు, అది తెలుస్తోందా? ఎందుకు మింగరు? చేదా? అరగదా? చెప్పండి, నోట్లో నువ్వు గింజ నానదు కదా మీకు, ఇప్పుడేమైంది?"

"అరవకమ్మాయ్, ముందు గదిలో మనుషులున్నారు."

"ఉండనీండి!"

మాస్టరు తల దించుకుని తన పాదాల వైపే చూస్తూ, చాలా మెల్లిగా చెప్పాడు. "అది వేసుకుంటే వెళ్ళాల్సొస్తుంది. ఒకసారి కాదు. పొద్దున్నంతా. వెళ్ళాలంటే ఆ ఫోము దించమనాలి, పలక ఎత్తమనాలి. వాడు పనిలో ఉంటాడు. నువ్వు మిషను మీదుంటావు. పోనీ వంగుదామంటే నావల్ల కాదు. ఆరోజు వంగబోయి... నీకు తెలుసుగా."

తెలుసు. వంగలేక బల్లదగ్గర నిలబడిపోయి, పలక ఎత్తేలోగా ఆపుకోలేకపోయాడు. షాపులో ఎవరో ఉన్నారు. కొడుకు నోరెత్తకుండా ఒక పాత రెక్సిన్ ముక్క తెచ్చి ఆ తడిమీద పడేశాడు, పాడైన సరుకుమీద కప్పినట్టు. ఆమె తుడిచింది. తుడుస్తూ ఏమన్నది? ఏమీ అనలేదు. మొహం అటు తిప్పుకుంది. అదే వారంలో బొంత గదంతా తడిపితే, "పోన్లే నా బంగారం, మందు పనిచేస్తోంది" అంటూ తుడిచింది. ఆయన ఈ సీటులోనే కూర్చుని విన్నాడు.

నిన్న కూడా "మళ్ళీనా" అన్నది ఈ నోరే.

కోడలికి తనమీద పుట్టిన కోపం తనొక్కదానిలో పట్టలేదు. సూది సీటుకి గుచ్చేసి, గోడకి వేలాడుతున్న సంచిలోంచి స్క్రూడ్రైవరు లాక్కుని షాపులోకి వెళ్ళింది.

బస్సులాయన కొత్త సీట్లు చూస్తున్నాడు. భర్త ఆయనకి రంగులు చూపిస్తున్నాడు. కోడలు పలకమీది ఫోము షీట్లని రెండు చేతులతో ఎత్తి వీధి గుమ్మంలోకి విసిరేసింది. ఒకటి బస్సులాయన మోకాళ్ళకి తగిలింది.

"ఏం చేస్తున్నావే!"

"దారి."

"పిచ్చెక్కిందా? ఎల్లుండికి సరుకివ్వాలి. ఆర్డరయ్యాక తీద్దాం ఆ బల్ల."

"ఆర్డరయ్యేదాకా మీ నాన్న బతకాలిగా!" ఆమె పలక బందులకి స్క్రూడ్రైవరు పెట్టి తిప్పింది. అది జారి చెక్కని గీరింది. "ఆయన మాత్రలు మింగట్లేదు. కుక్కకి పెడుతున్నారు. ఎందుకో తెలుసా? మింగితే బాత్రూముకి వెళ్ళాలి. వెళ్ళాలంటే మనల్ని అడగాలి. అడిగితే మీరలా చూస్తారు, నేను మూలుగుతాను. అందుకని తనూ చస్తూ, తెలీక దాన్నీ చంపబోయారు. మూగజీవానికి బల్ల కింద దారుంది. బల్లకి మరలు బిగించిన మనిషికి లేదు!"

"నెమ్మదిగా... మనుషులున్నారు..."

"వినాలనే అరుస్తున్నా!"

బస్సులాయన రంగుల పుస్తకం మూసేసి, ఎటు చూడాలో తెలీక దాని అట్ట చూస్తూ కూర్చున్నాడు. స్క్రూడ్రైవరు మళ్ళీ జారింది. ఆమె వేలు చీరుకుపోయి రక్తం వచ్చింది.

"పైనుంచి కాదమ్మాయ్."

మాస్టరు వెనకగది గుమ్మంలో నిలబడి ఉన్నాడు, రెండు చేతులా ద్వారబంధం పట్టుకుని. "అవి బందుల మరలు. పలకని పట్టుకున్నవి అడుగున ఉన్నాయి. ముందు గోడవైపువి తియ్యి. లేకపోతే ఒక్కసారిగా కాళ్ళమీద పడుతుంది."

ఆమె కింద కూర్చుని గోడవైపు మర తిప్పింది. ఈసారి కదిలింది. రెండోది కూడా ఊడేసరికి పలక ఒకవైపుకి ఒరిగింది. పడబోతున్న దాన్ని భర్త వచ్చి పట్టుకున్నాడు. పట్టుకుని, ఎటు పడేదో అటు చూశాడు. గుమ్మం వదిలి పలక దాకా వచ్చిన తండ్రి పాదాలు అక్కడే ఉన్నాయి. చెప్పుల్లో పట్టక వేళ్ళమీదే తగిలించుకుని, చర్మం సాగి, మెరుస్తూ. అతను వాటివైపు అలాగే చూస్తూ నిలబడ్డాడు. చేతుల్లో పలకని కింద పెట్టాలని కూడా తోచలేదు.

"ఎప్పట్నుంచి ఇలా ఉన్నాయి?" అన్నాడు చివరికి.

బస్సులాయన లేచి, రెండోకొస పట్టి, పలకని గోడకి ఆనించాడు.

బల్లకీ గోడకీ మధ్య ఒక మనిషి నడిచేంత ఖాళీ వచ్చింది. అవతల బాత్రూము తలుపు కనిపిస్తోంది.

"ఈ పూటే డాక్టరు దగ్గరికి," అంది కోడలు, వేలిని కొంగుకి తుడుచుకుంటూ. "ఈసారి ఊరుకోను. ఫోను లాక్కుని మాట్లాడిస్తా ఆయన చేత."

మాస్టరు చెయ్యి చాచాడు. "ఏదీ, మాత్ర ఇలా ఇయ్యి."

ఆమె లోపలికి వెళ్ళి అట్టలోంచి కొత్తది తీసి, నీళ్ళతో తెచ్చి ఇచ్చింది. ఆయన నాలుకమీద పెట్టుకుని గ్లాసెడూ తాగాడు. తర్వాత తల కాస్త పైకెత్తి నోరు తెరిచాడు. నాలుక ఎత్తి చూపించాడు, ఇటూ అటూ కదిపి దవడలు చూపించాడు. కొడుకు ముందు, కోడలి ముందు, సీట్లు కొనడానికొచ్చిన పరాయి మనిషి ముందు, నమ్మండి అన్నట్టు, తెరిచిన నోరు అలాగే పెట్టుకుని నిలబడ్డాడు.

"నాన్నా, వద్దు," అన్నాడు కొడుకు.

"మూసుకోండి మామయ్యా!" కోడలు గొంతు చిరిగిపోయేలా అరిచింది. "మిమ్మల్నెవరూ అడగలేదు! మూసుకోండి!"

మాస్టరు నోరు మూసుకున్నాడు. గ్లాసు బల్లమీద పెట్టి, ఒక చెయ్యి గోడకి ఆనించి, ఎవరినీ ఏమీ అడక్కుండా బాత్రూము వైపు నడిచాడు.